కతెల్లో గారి ఊదారంగు రాతలు

ఆదివారం పొద్దున్నే ఫిలోమేనా పొయ్యి మీద టమాటా, మాంసం పులుసు ఎక్కించి కాఫీ పోస్తుంటే, సబాతో అనే ఆమె తమ్ముడు ఓ పొట్లం పట్టుకుని వచ్చాడు. తండ్రి కతెల్లోకు ఏ పునీతుడి పేరు పెట్టారో, ఆ పునీతుడి పండగ ఆ రోజు. పండగకొచ్చిన మనిషి నవ్వాలి కదా! వీడు పొట్లం బల్ల మీద పెట్టి, తల వంచుకు నిలబడ్డాడు.

"పుస్తకానికి కుట్లు వేయడానికి మూడు వారాలా? నాన్న రోజూ అడుగుతున్నాడు" అంటూ ఆమె పొట్లం విప్పింది.

ఎప్పుడో అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాంపేయి నగర శిథిలాల బొమ్మలు గీసి అచ్చువేసిన, రెండు వందల ఏళ్ల నాటి పుస్తకం అది. కతెల్లో ఆ శిథిలాల దగ్గర నలభై ఏళ్లు కాపలా కాశాడు. ఏ గోడ కూలినా, ఏ చిత్రం రంగు వెలిసినా, ఇంటికొచ్చి ఆ బొమ్మ పక్కన ఊదా పెన్సిల్‌తో రాసేవాడు. ఇప్పుడు ఆయనకు మతిమరుపు ముదిరింది. ఆ రాతలు చదివి వినిపిస్తేనే మనుషులు గుర్తొస్తారు. "ఈ గోడ పడిన రోజే మా సబాతో పుట్టాడు" అని అందుకుంటాడు.

ఇప్పుడు పేజీల అంచులన్నీ తెల్లగా ఉన్నాయి. ఒక్క అక్షరం లేదు.

"రాతలేవిరా?"

"మరకలు పోతాయని కాగితాలు నీళ్లలో వేశానక్కా. పాత పుస్తకాలకు మేమంతా చేసేదే. పెన్సిల్ రాత నీళ్లకు పోదు. ఇది తడికి కరిగే రకమని చూసుకోలేదు. తొట్టంతా ఊదారంగు అయిపోయింది."

"చూసుకోలేదా! ముప్పై ఏళ్లుగా బైండింగ్ చేస్తూ ఇదా నీ పనితనం? నాన్న బతుకంతా కడిగిపారేశావు కదరా!"

"తిట్టక్కా, ఇంకా తిట్టు."

"తిడితే తిరిగొస్తాయా?"

అరుపులకు కతెల్లో మెల్లగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. సబాతో ఆయన మోకాళ్ల దగ్గర కూలబడి పుస్తకం తెరిచాడు.

"నాన్నా, ఈ గోడ ఎప్పుడు పడింది? చెప్పు, మళ్లీ రాస్తాను."

ముసలాయన తెల్లటి అంచు మీద వేలితో వెతికాడు. పేజీ తిప్పి అక్కడా వెతికాడు. కాసేపటికి జాలిగా కొడుకు వైపు చూశాడు.

"మీరు కంగారుపడకండి బాబూ. మా అబ్బాయి బైండింగ్ చేస్తాడు, పుస్తకమంటే వాడికి ప్రాణం. వాడికిచ్చి చూడండి, బాగుచేసేస్తాడు."

"అలాగేనండి" అన్నాడు సబాతో. ఆ తర్వాత ఇక ఏడుపు ఆపుకోలేకపోయాడు.

ఫిలోమేనా కోపం ఎటు పోయిందో! నేల మీద చతికిలబడి తమ్ముడి తల గుండెకు హత్తుకుంది.

"పాపం, ఎవరమ్మా ఈయన?" అడిగాడు కతెల్లో.

"మనవాడే నాన్నా" అంది ఆమె ఏడుస్తూ. "మనవాడే."