మొదటి తుడుపుకే ఊడిన గమ్ము

"అన్నయ్యా, మావయ్యకి ఎలా ఉంది?"

"సీరియస్. ఈ పూట గడవదు. త్వరగా చూడు."

ఏజెంట్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అన్నయ్య అంటే చీఫ్. మావయ్య అంటే హ్యాంగర్ బయట నిలబడి ఉన్న విమానం. శాంతి చర్చలకు వెళ్లే బృందం కాసేపట్లో అందులో ఎక్కుతుంది. లోపల ఎక్కడో బాంబు ఉందని కబురు. ఫ్లైట్ ఆపితే చర్చలు ఆగుతాయి. బాంబు పెట్టిన విదేశీ ముఠాకు కావలసిందీ అదే.

కుక్కల్ని తెచ్చి వెతికించారు. క్యాబిన్‌లో గమ్ము కరిగించే సాల్వెంట్ వాసనకు వాటి ముక్కులు పనిచేయలేదు.

హ్యాంగర్‌లో ఏజెంట్‌ను జిగురన్న అంటారు. పాత కార్పెట్ పీకేశాక నేల పలకల మీద మిగిలే టేపు గమ్మును తీయడం అతని పని. గుడ్డను సాల్వెంట్‌లో తడిపి గమ్ము మీద పరవాలి. అది ఉబ్బేదాకా ఆగాలి. ఆ తర్వాతే ప్లాస్టిక్ బ్లేడుతో నెట్టాలి. ఇనుప బ్లేడు పెడితే పలక గీసుకుపోతుంది. మారువేషం కోసం నేర్చుకున్న పని ఇది. ఇప్పుడు గూఢచర్యం కంటే ఇదే బాగా వచ్చు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన కెమెరా వాచీ మొదటి వారమే సాల్వెంట్‌లో పడి చచ్చింది.

ఎవరైనా అడిగితే చెప్పడానికి డిపార్ట్‌మెంట్ అతనికి ఒక భార్యను, ఒక కూతురిని అల్లి ఇచ్చింది. ఒకసారి ఆ కూతురికి జ్వరమని చెప్పి సెలవు పెట్టాడు. ఆ రోజంతా అద్దె గదిలో కూర్చుని, పిల్లకు ఎలా ఉందోనని బెంగపడ్డాడు.

పిల్లకి తగ్గిందా అని మర్నాడు అడిగింది విమానాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ మేడమ్ ఒక్కరే. మెడలో పట్టు స్కార్ఫు, కళ్లకు నల్లద్దాలు. ఆమె నడిచివస్తుంటే మెకానిక్‌ల చేతుల్లో స్పానర్లు జారేవి. ముఠా ఆమెను తన మనిషి అనుకుంటోంది. చీఫ్ తన మనిషి అనుకుంటున్నాడు. ఆమె ఏమనుకుంటోందో ఎవరికీ తెలియదు.

క్యాబిన్‌లో తలుపు దగ్గర ఒక్క వరస గమ్ము మిగిలింది. ఏజెంట్ మోకాళ్ల మీద కూర్చుని తడిగుడ్డతో ఒక చోట తుడిచాడు. గమ్ము ఉండలు చుట్టుకుని వచ్చేసింది.

అతని చెయ్యి ఆగిపోయింది. ఏళ్ల తరబడి కాళ్ల కింద నలిగిన గమ్ము అలా రాదు. పక్కన తుడిచి చూశాడు. కదల్లేదు. ఇక్కడ ఎవరో పలక ఎత్తి మళ్లీ బిగించారు. కొత్త గమ్ము పూసి, పాతదిలా కనిపించడానికి మట్టి అద్దారు.

పలక మరలు విప్పి ఓరగా ఎత్తాడు. అడుగున ఒక పెట్టె అంటించి ఉంది.

"గుంజకు, పేలుతుంది." వెనక మేడమ్. "పెట్టెకు పలక వైపు బటనుంది. పలక దాన్ని నొక్కి పట్టింది."

"ఎవరు పెట్టారు?"

"నేనే. కాదంటే నన్ను చంపేవాళ్లు. గమ్ము తెచ్చే పని నాకే వదిలేశారు. ఆరితే రాయయ్యే రకం తెమ్మన్నారు, నేను తేలేదు."

"నేను చూసుకోకపోతే?"

"నువ్వా? కార్పెట్ కింద ఎవరికీ కనబడని చోటు కూడా మళ్లీ మళ్లీ తుడుస్తావు కదయ్యా! ఊరికే కూర్చోకు. మెట్ల కింద పూలగుత్తి పట్టుకుని నిలబడ్డవాడి చేతిలో రిమోటుంది. మనం అరిస్తే నొక్కేస్తాడు."

మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది. ఏజెంట్ నైలాన్ దారం తీసి, పెట్టెకూ పలకకూ మధ్య గమ్మును కోశాడు. అటు లాగి, ఇటు లాగి, అంగుళం అంగుళం. దారం వెనకే ప్లాస్టిక్ బ్లేడు దూర్చి బటన్‌ను నొక్కి పట్టాడు. పెట్టె చేతిలోకి వచ్చింది. మేడమ్ బ్యాటరీ వైరు పీకేసింది. ఏజెంట్ కిటికీలోంచి పూలగుత్తి వాడి వైపు చెయ్యి చూపాడు. కింద నిలబడ్డ చీఫ్ మనుషులు పూలగుత్తి వాడి రెక్కలు విరిచి పట్టుకున్నారు. బృందంలో మొదటి మనిషి తలుపులోకి అడుగు పెట్టి, గమ్ము వాసనకు ముక్కు మూసుకున్నాడు.

మేడమ్ స్కార్ఫు విప్పి మెకానిక్‌లు వేసుకునే ఓవరాల్ తొడుక్కుంది. వెనక మెట్ల వైపు కదిలింది.

"నేనూ వస్తాను," అన్నాడు ఏజెంట్.

"వద్దు. ఇద్దరమైతే ఇట్టే దొరుకుతాం."

"పోనీ, అసలు పేరైనా చెప్పండి."

"చెబితే రిపోర్టులో రాయాల్సి వస్తుంది. రాయకుండా ఉండలేవు నువ్వు."

అది నిజమే. అందుకే మళ్లీ అడగలేదు. ఆమె దిగి హ్యాంగర్ జనంలో కలిసిపోయింది.

విమానం ఎగిరాక ఫోన్ మోగింది.

"శభాష్," అన్నాడు చీఫ్. "ఈ వేషం ఇక చాలు. ఇంటికి వెళ్లు."

"ఏ ఇంటికి సార్?"

అవతల చీఫ్ కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"అడ్రసు టైప్ చేయించి పంపిస్తాలే," అన్నాడు.