కడిగిన నాణెం

ఆ ఉదయం చిట్టి వంటింట్లోకి వెళ్లేసరికి గ్యాస్ పొయ్యి పక్కన కొత్త చీటీ అతికించి ఉంది. ‘పోయ్యి ఆర్పావా నాన్నా?’ అని అక్క గుండ్రటి చేతిరాత. నాన్న అప్పుడే ఎర్రపెన్నుతో ఆ దీర్ఘం కొట్టేసి, పక్కన దిద్దుబాటు గుర్తు కూడా వేసేశాడు.

“మీ అక్క ఉన్నంతకాలం నాకు పనికి లోటుండదే. ఎక్కడ దీర్ఘం ఉండకూడదో సరిగ్గా అక్కడే పెడుతుంది” అన్నాడు పేపరు మీంచి తలెత్తకుండా.

చిట్టి నవ్వింది. ఆ ఇంట్లో చీటీ లేని చోటు లేదు. ఉప్పు డబ్బాకి, తాళాల కొక్కేనికి, మందుల పెట్టెకి, చివరికి స్నానాల గది కుళాయికి కూడా. తొమ్మిదేళ్లుగా నాలుగు వీధుల అవతలి నుంచి అక్క రోజూ వచ్చి, మాత్రలు లెక్కపెట్టి, ఊడిన చీటీలు మళ్లీ అతికించి వెళ్తోంది. చుట్టుపక్కలవాళ్లంతా “కూతురంటే అలా ఉండాలి” అనేవాళ్లు. చిట్టీ అదే అనుకునేది.

నాన్న ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాడు. ఆయన కన్ను దాటి తప్పు బయటికి పోయేది కాదు. ఆయనకున్న ఒకే ఒక్క ముచ్చట, ఓడ బొమ్మ ఉన్న పాత వెండి నాణెం. వాళ్ల నాన్న ఇచ్చింది. నెలకో ఆదివారం దాన్ని గుడ్డమీద పెట్టుకుని చూసుకునేవాడు. ఐదేళ్ల చిట్టి ఒకసారి దాన్ని మెట్టు మీద జారవిడిస్తే అంచున గోటిగిల్లంత నొక్కు పడింది. ఆమె ఏడుస్తుంటే ఆయన ఒళ్లో కూర్చోబెట్టుకుని, “ఇన్నాళ్లూ ఇది ఎవరిదైనా కావచ్చు. ఇప్పుడు నీ గుర్తు పడింది. పెద్దయ్యాక నీకే ఇస్తాలే” అన్నాడు.

తొమ్మిదేళ్ల కిందట ఒక ఆదివారం పెట్టె తెరిస్తే నాణెం లేదు. ఇల్లంతా తిరగేశారు. అప్పుడు అక్కే గుర్తు చేసింది, “మొన్న బాల్కనీలో దాన్ని పట్టుకుని కూర్చున్నావు కదా నాన్నా, మరిచిపోయావా?” అని. నాన్న మొహం పాలిపోయింది. ఎంత తల బద్దలు కొట్టుకున్నా ఆయనకు బాల్కనీ గుర్తు రాలేదు. వారం తిరక్కుండా అచ్చాఫీసుకు వెళ్లి పని మానేస్తానని చెప్పి వచ్చేశాడు. “నాణెం ఎక్కడ పెట్టానో తెలియనివాణ్ని. అక్షరం ఎక్కడ తప్పిందో నేనేం చెబుతాను?” అన్నాడు. డాక్టరు పెద్ద జబ్బేమీ లేదన్నా ఆయన నమ్మలేదు.

వచ్చే నెల నాన్నకి డెబ్బై ఐదు నిండుతాయి. అలాంటి నాణెమే ఇంకొకటి కొని ఆయన అరచేతిలో పెట్టాలని చిట్టి కోరిక. అక్కతో చెబితే అంతెత్తున లేచింది. “మానిన పుండు మళ్లీ రేపుతావా? శాలువా కొను, రేడియో కొను. నాణెం మాట ఎత్తకు” అంది. చిట్టి ఆ కోపాన్ని ప్రేమే అనుకుంది.

అందుకే చెప్పకుండా వెళ్లింది. పళ్లసెట్లు తయారుచేసే ల్యాబులో మధ్యాహ్నానికి పని ముగించుకుని, రెండు బస్సులు మారి నాణేల దుకాణానికి చేరింది. దుకాణం ఆయన ఫోనులో చెప్పినట్టే, గాజులాంటి గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసిన ఓడ నాణెం తెచ్చి ముందు పెట్టాడు. పైన చిన్న కాగితం మీద అరవై మూడు అని అంకె, నాణేలు పరీక్షించేవాళ్లు డెబ్బైకి వేసే మార్కు.

“డెబ్బైకి అరవై మూడంటే మంచిదేగా అండీ?” అంది చిట్టి ఆశగా.

“అంకె మంచిదేనమ్మా. కానీ అంకె చూసి కొనకండి. దీనికి ముందు ఏ అంకెలు వచ్చాయో చూసి కొనండి” అంటూ ఆయన ఒక పాత ఫైలు తీశాడు. “దీని పాత యజమాని చిన్న కాగితం ముక్క కూడా పారేయని మనిషి. తనకి ముందువాళ్ల దగ్గర్నుంచి తెచ్చుకున్న ఫోటోలు, రసీదులు, దరఖాస్తులు అన్నీ ఇందులో ఉన్నాయి. ఈ నాణెం మూడుసార్లు పరీక్షకి వెళ్లింది. మొదటిసారి అసలు అంకే ఇవ్వలేదు. ‘కడిగిన నాణెం’ అని రాసి, డబ్బాలో పెట్టి పంపేశారు.”

“కడిగితే తప్పా?”

“తప్పా అని మెల్లగా అంటారేంటమ్మా! వెండి మీద ఏళ్ల తరబడి పేరుకున్న ఆ మసకే దాని చర్మం. ఎవరో పళ్లపొడేసి తోమారు. చర్మం ఊడిపోయింది. తర్వాత ఇంకెవరో ఆ డబ్బా పగలగొట్టి, ఏదో మందు రాసి, దొంగ మసక తెప్పించి మళ్లీ పంపారు. యాభై ఎనిమిది వచ్చింది. మళ్లీ పగలగొట్టారు, మళ్లీ పంపారు. ఈసారి చూసినాయన ఏ ధ్యాసలో ఉన్నాడో, అరవై మూడు వేశాడు. నాణెం అదే. అంకె మాత్రం మెట్లెక్కుతూ పోయింది. అలా ఎక్కిందంటే కొనేవాళ్లు ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. మీరు మీ నాన్నగారికంటున్నారని చెబుతున్నాను.”

చిట్టి మొదటి ఫోటో చేతిలోకి తీసుకుంది. ఇప్పటి డబ్బాలో నాణేన్ని పట్టి ఉంచే కొక్కెం వెనక దాగిన అంచు ఆ ఫోటోలో బయటికి కనిపిస్తోంది. ఓడ వెనకభాగం కింద గోటిగిల్లంత నొక్కు.

రోజంతా భూతద్దం కింద పళ్ల అంచులు చూసే కళ్లవి. పొరబడే ప్రశ్నే లేదు. అయినా ఆమె మూడుసార్లు చూసింది. తర్వాత ఫైల్లో, పరీక్షకి పంపిన మొదటి దరఖాస్తు నకలు తిప్పింది. పంపినవారి పేరు మీద నల్ల సిరా పూశారు. వివరాల దగ్గర మాత్రం గుండ్రటి అక్షరాలు: ‘ఓడ బోమ్మ ఉన్న వెండి నాణేం’.

అక్కర్లేని రెండు దీర్ఘాలు. తారీఖు చూస్తే, నాన్న పెట్టె తెరిచిన ఆదివారానికి పన్నెండు రోజులు ముందు.

“నీళ్లు తాగుతారా అమ్మా?” దుకాణం ఆయన కంగారుగా అడిగాడు.

“వద్దండీ. ఈ కాగితం ఒక్కటి నకలు తీసిస్తారా?” అంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా బయట ఏమీ కనిపించలేదు. అమ్మ పోయినప్పుడు తన జడ వేసింది అక్క. జ్వరం వస్తే రాత్రంతా పక్కనే కూర్చుంది అక్క. ఆ చేతులే ఇంటినిండా చీటీలు అతికించాయి.

ఇంటికి వచ్చేసరికి అక్క వంటింట్లో మాత్రలు వారం డబ్బాలో సర్దుతోంది. నాన్న ముందు గదిలో రేడియో వింటున్నాడు. చిట్టి కాగితం తీసి మాత్రల పక్కన పెట్టింది.

అక్క చూసింది. చెయ్యి ఆగిపోయింది. ఒక మాత్ర దొర్లి కింద పడింది.

“ఇది ఎక్కడిది?”

“అది కాదు నువ్వు అడగాల్సింది” అంది చిట్టి. “బాల్కనీ. అది చెప్పు ముందు. నాన్న నిజంగా బాల్కనీలో కూర్చున్నాడా?”

అక్క కింద పడిన మాత్ర కోసం వంగింది.

“కూర్చోలేదు కదూ?”

“చిట్టీ, మెల్లగా మాట్లాడవే...”

“తొమ్మిదేళ్లు మెల్లగానే మాట్లాడుకున్నాం. ఎందుకు తీశావు?”

అక్క స్టూలు మీద కూలబడింది. “అమ్ముకుందామని తీయలేదే, ఒట్టు. నెలనెలా ‘ఇది చిట్టిది, ఇది చిట్టిది’ అని వినీ వినీ... పెద్దదాన్ని, నాకంటూ ఒక్క వస్తువు రాసిపెట్టలేదు ఆయన. అసలు దాని విలువెంతో చూద్దామనుకున్నా. నల్లగా ఉంటే తక్కువ అంటారేమోనని తోమాను. వాళ్లు ‘కడిగింది’ అని తిప్పి పంపారు. తెల్లగా మెరిసిపోతోంది. నాన్న పెట్టె తెరిస్తే చూపు పడగానే పట్టేస్తాడు. ఆయన కన్ను నీకు తెలుసుగా! భయమేసి ఎంతొస్తే అంతకి ఇచ్చేశాను.”

“కన్ను పట్టేస్తుందని, ఆ కంటినే చంపేశావు.”

“అంత దూరం వెళ్తుందనుకోలేదే. ఏదో ఒక మాట అనేశాను. ఆయన నమ్మేశాడు. పని మానేశాడు. ఆ తర్వాత ఎలా చెప్పను? చెప్పలేకే రోజూ వచ్చాను. చెప్పలేకే...” చుట్టూ ఉన్న చీటీల వైపు చెయ్యి చూపించి ఏడ్చేసింది.

చిట్టికి జాలి రాలేదు. “నాణెం పోతే పోయింది. ఉప్పు డబ్బా ముందు నిలబడి, తనను తాను నమ్మలేక చీటీ చదువుకునేవాడు నాన్న. అది చూస్తూ కూడా ఎలా అతికించావు అక్కా? వెళ్లి చెప్పు. నేను చెప్పను. ఆ మాట అన్న నోటితోనే చెప్పు.”

రేడియో ఆగింది. నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. “ఏంటి చెప్పాల్సింది?” అన్నాడు.

అక్క చెప్పింది. ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని, తలెత్తకుండా, నాణెం తీసిన రోజు నుంచి బాల్కనీ మాట దాకా చెప్పింది. అంతా విన్నాక నాన్న గోడకి చేరగిలబడ్డాడు.

“అయితే నేను బాల్కనీలో కూర్చోలేదు.”

“లేదు నాన్నా.”

“కూర్చున్నట్టు గుర్తు రాలేదు నాకు. గుర్తు రాకపోవడమే రుజువనుకున్నాను.” ఆయన పొయ్యి పక్కనున్న చీటీ వైపు చూశాడు. “పెట్టెలోనే పెట్టాను. గుడ్డ చుట్టి పెట్టాను. నాకు తెలుసు. తెలిసి కూడా, నా మాట నేనే కొట్టేసుకున్నాను.”

అమ్మ పోయినప్పుడు కూడా నాన్న ఏడవడం చిట్టి చూడలేదు. ఇప్పుడు రెండు అరచేతుల్లో మొహం పెట్టుకుని, భుజాలు అదిరేలా ఏడ్చాడు. కాసేపటికి లేచి ఉప్పు డబ్బా మీది చీటీ పీకాడు. తాళాలది, పొయ్యిది, మందుల పెట్టెది, అన్నీ పీకి అక్క ఒళ్లో పోశాడు. “ఇంటికి వెళ్లు” అన్నాడు.

అక్క వెళ్లిపోయింది.

రాత్రి ఇద్దరూ బ్రెడ్డు ముక్కలు తిని ఊరుకున్నారు. దుకాణంలో చూసిందంతా చిట్టి చెప్పాక నాన్న అడిగాడు, “ఇప్పుడు దాని అంకె ఎంతన్నావు?”

“అరవై మూడు.”

“అది తప్పు. చదవకుండా సంతకం పెట్టిన ప్రూఫు. మనం కొనొద్దమ్మా. నా దగ్గరున్న నాణెం వేరు, ఇది వేరు. కానీ దాన్ని ఎవరు కొన్నా ఆ మూడు కాగితాలూ చదివే కొనాలి. ఆ దుకాణం ఆయనకి చెప్పు, ఫైలు విడదీయొద్దని.”

చిట్టి మర్నాడే ఫోను చేసి చెప్పింది. ఆయన సరేనన్నాడు.

నాలుగు రోజులు అక్క రాలేదు. ఆ నాలుగు రోజులూ నాన్న మాత్రలు తనే వేసుకున్నాడు, పొయ్యి తనే ఆర్పాడు. ఒక సాయంత్రం పాత అచ్చాఫీసుకు ఫోను చేసి, ఇంటికి ప్రూఫులు పంపుతారేమో కనుక్కున్నాడు. ఐదో రోజు ఉదయం తలుపు చప్పుడైంది. అక్క గుమ్మం బయటే నిలబడింది. కళ్లు వాచి ఉన్నాయి, చేతులు ఖాళీ.

“లోపలికి రమ్మంటే వస్తాను. వద్దంటే వెళ్లిపోతాను” అంది.

చిట్టి నాన్న వైపు చూసింది. ఆమె కోపం ఇంకా అలాగే ఉంది. అయినా, జవాబు చెప్పాల్సింది ఆయనే.

“రా” అన్నాడు నాన్న. అక్క వచ్చి ఎదురుగా నిలబడింది.

“నిన్ను క్షమించానో లేదో నాకే తెలియదు. నీకంటూ ఏదీ ఇవ్వలేదన్నావట. అది మాత్రం నిజం, నా తప్పే. కానీ నువ్వు చేసింది మాత్రం నేను మరిచిపోను. నాకు మరుపు లేదు. నీకంటే బాగా ఎవరికి తెలుసు?”

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాన్న సోఫాలో కొంచెం పక్కకి జరిగి, తన పక్కనున్న చోటు అరచేత్తో తట్టాడు. ఆమె కూర్చుంది. ఇద్దరిలో ఎవరు ముందు ఏడుపు మొదలుపెట్టారో చిట్టి చూడలేదు. అప్పటికే ఆమె కళ్లు మసకబారిపోయాయి.