అవ్వ మొఖాన నవ్వు పోతలేదు

“మేకపిల్ల తప్పిపోయిందని ఏడ్వాల్సిన అవ్వ నవ్వుతుందేంది, దానియేలూ?”

రోజా మౌస్‌ను బల్ల మీద టక్కున పెట్టింది. కంప్యూటర్ తెర మీద అవ్వ బొమ్మ కన్నీళ్లు కారుస్తూనే ముసిముసిగా నవ్వుతోంది.

గద్వాలలో చీరల దుకాణం పైనున్న ఆ గదిలో ఇద్దరూ కలిసి పిల్లలకు బొమ్మల కథలు చేస్తారు. బొమ్మ లోపల ఎముకలు, కీళ్లు అమర్చి కదిలేట్టు చేసేది దానియేలు. రిగ్ అంటే అదే. ఆ బొమ్మకు కోపం, భయం, ఏడుపు నేర్పేది రోజా. పాత రిగ్‌లో అవ్వ నోరు తెరిస్తే చెంప నలిగిన గుడ్డలా అయిపోతోందని దానియేలు కొత్త తల చేసి, కొత్త రిగ్ కట్టాడు. రోజా నెలల తరబడి దిద్దిన పాత పోజులన్నీ, అంటే కోపం నుంచి ఏడుపు దాకా ముఖంలో మార్పులన్నీ, ఇప్పుడు కొత్త ముఖానికి ఎక్కించారు. ఒక్కటీ కుదరలేదు.

సాయంత్రంలోగా ఏడుపు సీను పంపకపోతే పిల్లల టీవీ చానెల్ వాళ్ల ఆర్డరు పోతుంది. ఆర్డరు పోతే ఈ గదికి తాళమే. ఇది నిలబడకపోతే హైదరాబాదులో అన్న దగ్గరికి పోయి ఏదైనా ఆఫీసులో చేరాలని రోజా తండ్రి ముందే తేల్చి చెప్పాడు.

“కోపం పెట్టి చూడు,” అన్నాడు దానియేలు.

పెట్టింది. అవ్వ కనుబొమలు ముడిచి నవ్వింది.

“భయం?”

అవ్వ కళ్లు పెద్దవి చేసి నవ్వింది.

“పరేషాన్ చేసి సంపుతున్నవ్ పో! నీ రిగ్గే తప్పు.”

“నీ పోజులే తప్పేమో.”

“పాత అవ్వకు మంచిగనే ఉండె గద! కొత్త మొఖం ఎవరు చేసిండ్రు? మా నాయననా?”

దానియేలు కిటికీ వైపు తిరిగి వాన చూస్తూ కూర్చున్నాడు. రోజాకు ఇంకా మండింది. ఎప్పుడూ ఇంతే. తిట్టినంత సేపూ తిట్టించుకుంటాడు.

విసిగిపోయి ఆమె బొమ్మ ముఖాన్ని కదిపే కంట్రోళ్లన్నీ సున్నాకు పెట్టింది. ఇక ఏ భావమూ ఉండకూడదు, ఊరికే ఉన్న ముఖం. అప్పుడు కూడా అవ్వ పెదవి కొస కాస్త పైకి లేచే ఉంది.

“ఆగు. ఊరికున్న మొఖానికే నవ్వు పెట్టినవా? పోజులన్నీ ఆడికెంచే లెక్కకొస్తయి గద! నా ఏడుపు పోయి నీ నవ్వు మీద కూసుంటుంది. గింత తెల్వదా?”

“తెల్సు.”

“మరి?”

“చేస్తుంటే గట్లొచ్చింది. చూస్కోలే.”

“గట్లెట్లొస్తది?”

అప్పుడే రోజా తల్లి రూతమ్మ తడిసిన గొడుగుతో, టిఫిన్ డబ్బాతో మెట్లెక్కి వచ్చింది. తెర చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఏందే, ఇది ముసల్దాని మొఖమా, నీ మొఖమా? ఇంటికొచ్చి ఈ పిల్లగాన్ని తిట్టేటప్పుడు నీ మూతి గిట్లనే ఉంటది.”

దానియేలు చెవులు ఎర్రబడ్డాయి.

“నేను తిట్టేటప్పుడు నవ్వుతనా?” అంది రోజా.

“అందర్ని తిట్టేటప్పుడు కాదు,” అన్నాడతను, వానతో చెబుతున్నట్టు. “నన్ను తిట్టేటప్పుడు. దినాం చూస్త గద. మొఖమంటే నాకు అదే గుర్తొస్తది. ఇంకోటి చెయ్యరాలే, రోజా.”

రోజా మౌస్‌ను అతని వైపు తోసింది.  “ఆర్డర్ పోతుంటే ఇప్పుడా చెప్పేది? ముందుగాల అవ్వ మూతి దించు!” అని అరిచింది.

దించాడు. పోజులు మళ్లీ ఎక్కించారు. ఈసారి అవ్వ నిజంగానే ఏడ్చింది. “అయ్యో, మేకపిల్ల దొరకదా బిడ్డా?” అంటూ రూతమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

సీను పంపిన కాసేపటికే చానెల్ నుంచి ఫోనొచ్చింది, మిగతా కథలు కూడా మొదలుపెట్టమని.

“మరి హైదరాబాద్ సంగతి మీ నాయనకేం చెప్పాలె?” అడిగింది రూతమ్మ.

“పోనని చెప్పు. నేను పోతే ఈయన బొమ్మలన్నిటికీ నా మూతే పెడతడు. పక్కన కూసోని చూస్కోవాలె.”

“ఎన్ని దినాలు చూస్కుంటవే?”

“బతికినన్ని,” అంది రోజా చిరాగ్గా.

రూతమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత డబ్బా మూత తీసి, ముందు దానియేలుకు పెట్టింది.

“అమ్మా, నాకాకలైతలేదా ఏంది?”