పేరు చెప్పని విన్నపం

ఉదయం ఆరున్నరకి కోడలు ఇంట్లోంచి వెళ్ళిపోయింది. ఒక సంచీ తీసుకెళ్ళింది. తలుపు చప్పుడు కాకుండా మూసింది.

అత్త అప్పుడు వంటింట్లో టీ వడకడుతోంది. కుట్టు మిషను తొక్కుతున్న మామ కాలు ఆపాడు.

"ఇంత పొద్దున్నే అమ్మాయి ఎక్కడికి?" అందామె.

"వాళ్ళక్క ఇంటికి. నాతో చెప్పే వెళ్ళింది" అన్నాడు మామ.

"మరి నాతో?"

"నీతో ఒకసారి చెప్పి చూసింది కదా." పళ్ళతో దారం కొరికి మళ్ళీ మిషను తొక్కాడు.

కాసేపటికి కొడుకు రాత్రి డ్యూటీ దిగి వచ్చాడు. అతను లిఫ్టు మెకానిక్కు. చేతులు కడుక్కున్నాడు గానీ టీ ముట్టుకోలేదు.

"అమ్మా, ఆ సంగతి ఎవరికి చెప్పావు?"

"దేవుడికి."

"ఆయనతో పాటు ఇంకెంతమందికి?"

ఆమె టీ గ్లాసు అతని ముందుకి జరిపింది.

కోడలికి మూడో నెలలో కడుపు పోయింది. ఆ తర్వాత ఒక సాయంత్రం అంట్లు తోముతూ అత్తతో అంది: "ప్రార్థనకి కూర్చుంటే నోరు రావట్లేదు అత్తయ్యా. అసలు వినేవాళ్ళున్నారా అనిపిస్తోంది. ఈ మాట మీ ఒక్కరికే." అత్త ఆమె తల నిమిరింది. అది మంగళవారం.

బుధవారం స్త్రీల ప్రార్థన కూటం. ఏళ్ళ తరబడి దాన్ని నడిపిస్తున్నది అత్తే. అక్కడ ఒక్కొక్కరు లేచి తమ విన్నపం చెప్పుకుంటారు, మిగతావాళ్ళు ప్రార్థిస్తారు. ఆమె లేచి, "ఒక సోదరి కడుపు పోగొట్టుకుని విశ్వాసంలో చల్లబడింది. పేరు చెప్పను. మా ఇంటి మనిషే" అంది.

"నేను పేరు చెప్పలేదురా" అంది ఇప్పుడు కొడుకుతో.

"మనింట్లో కోడలు ఒక్కతేగా అమ్మా."

మిగతాది కొడుకు చెప్పాడు. కూటంలో పాటలు ఎత్తుకునే ఆవిడని అందరూ పాటల పిన్ని అంటారు. నిన్న ఆవిడ ఇద్దర్ని వెంటేసుకుని కోడలు పనిచేసే కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళింది. కౌంటరు మీద నుంచే చెయ్యి పట్టుకుని, "నీ కోసం ఉపవాసం ఉంటున్నామమ్మా, కడుపు పోయిందని దేవుణ్ణి వదిలెయ్యకు" అంది. కొనడానికి వచ్చినవాళ్ళు విన్నారు, ఓనరూ విన్నాడు. కోడలికి కడుపొచ్చిందనే ఆ షాపులో ఎవరికీ తెలీదు.

"నేను ప్రార్థించమనే కదరా అడిగింది" అంది ఆమె.

"దాన్ని ప్రార్థన అనరే. డప్పు లేని చాటింపు అంటారు" అన్నాడు మామ.

మధ్యాహ్నం అత్త షాపుకి వెళ్ళింది. కోడలు ఒక పెద్దాయనకి ఫ్రేములు చూపిస్తోంది. ఆయన వెళ్ళేదాకా ఆగింది.

"చెప్పండి, ఏం కావాలి?" అంది కోడలు.

"క్షమించమని అడగడానికి వచ్చానమ్మా."

"ఇక్కడ కళ్ళజోళ్ళే అత్తయ్యా." తర్వాత గొంతు తగ్గించింది. "అందరి ముందూ అన్న మాటకి నా ఒక్కదాని ముందు అడిగితే సరిపోతుందా?"

ఇంకో మనిషి లోపలికొచ్చాడు. కోడలు అటు తిరిగింది.

వచ్చే బుధవారం కూటంలో మాట్లాడాల్సిన సంగతి ముందే అనుకున్నది: శిష్యత్వానికి వెల, అంటే క్రీస్తుని నమ్మినందుకు వదులుకోవాల్సినవి. దాని మీద అత్త దగ్గర ఒక కథ ఉంది. పెళ్ళికి ముందు ఆమె బాప్తిస్మం తీసుకున్న రోజు, తండ్రి ఆమె బట్టలు మూటగట్టి గేటు బయట పెట్టాడు. తల్లి పోతే చివరి చూపుకీ రానివ్వలేదు. ఈ కథ ఎప్పుడు చెప్పినా కూటంలో ఏడవనివాళ్ళు ఉండరు. కట్టాల్సిన వెల తను అప్పుడే కట్టేశానని ఆమె అనుకుంటూ వచ్చింది.

మంగళవారం మామ చొక్కాకి గుండీలు కుడుతుంటే అడిగింది: "రేపు ఏం చెప్పమంటావు?"

"మీ నాన్న కథ మాత్రం చెప్పకు."

"ఏం?"

"ఆయన నీ బట్టలు బయట పెట్టాడు. ఇక్కడ అమ్మాయి తన బట్టలు తనే సర్దుకుంది. అంతేగా తేడా."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి నీళ్ళు చాలాసేపు పారాయి.

బుధవారం కూటంలో ఆమె నిలబడే మాట్లాడింది.

"నేను పేరు చెప్పలేదు. కానీ మీకు తెలిసిపోతుందని నాకు తెలుసు. నన్ను నమ్మి చెప్పిన మాట అది. నాది కానిదాన్ని మీకు పంచిపెట్టాను. పంచిపెట్టి, దానికి ప్రార్థన అని పేరు పెట్టాను."

పాటల పిన్ని కళ్ళు తుడుచుకుంది.

"మీ బాధ కూడా విన్నపాల్లో పెడదాం అక్కా" అంది.

"పెట్టొద్దు. ఎవరూ మా ఇంటికి రావద్దు. ఆ షాపుకీ వెళ్ళొద్దు. ఇక కూటం మీరే నడిపించుకోండి."

కూటం జరిగే హాలు తాళంచెవి బల్ల మీద పెట్టింది. ప్రతి బుధవారం ఇద్దరు ముగ్గురు ఆమెని ఇంటిదాకా దిగబెట్టేవాళ్ళు. ఆ రోజు ఒక్కతే నడిచింది.

ఆదివారం మిగతా బట్టలు తీసుకెళ్ళడానికి కోడలు ఖాళీ సంచీతో వచ్చింది. సంచీ మంచం మీద పెట్టి వంటింట్లోకి వచ్చింది.

"పాటల పిన్ని మళ్ళీ షాపుకొచ్చింది" అంది.

"అయ్యో. వెళ్ళొద్దని చెప్పానమ్మా."

"కళ్ళజోడు కొనుక్కోడానికేలెండి. ఫ్రేము గురించి తప్ప ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు. ఏం మంత్రం వేశారేంటి?" అంది కోడలు. నవ్వబోయి ఆగింది. "నాకు ప్రార్థన ఇంకా రావట్లేదు అత్తయ్యా."

అత్త నోటిదాకా ఒక బైబిలు వాక్యం వచ్చింది. మింగేసింది.

"సరేనమ్మా" అంది. "నేను తొందరపడ్డాను. నువ్వు అలిసిపోయి వచ్చి నా దగ్గర కూర్చున్నావు. నిన్ను కాసేపు కూర్చోనివ్వాల్సింది."

అత్త కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. కోడలు చెయ్యి చాచి దాన్ని తీసింది. తడిసిన అద్దాలు కొంగుతో తుడిచింది, వంగిన కాడ వేళ్ళతో సరిచేసి తిరిగి పెట్టింది. ఇద్దరూ ఏడ్చారు. పక్క గదిలో మిషను ఆగి, మళ్ళీ మొదలైంది.

సాయంత్రం ఐదింటికి కోడలు వాళ్ళక్క ఇంటికి బయల్దేరింది. కొడుకు దిగబెట్టడానికి వెళ్ళాడు. ఖాళీ సంచీ మంచం మీదే ఉంది.