బ్రేక్ పడితే చాలు

"అన్నా, ఇవే బ్రేక్ ప్యాడ్లు బయట సగం రేటుకే ఇస్తున్నారు. మీవాటికేమన్నా బంగారం పూశారా?"

రాణీగంజ్‌లోని స్పేర్ పార్టుల దుకాణంలో కౌంటర్ వెనక నిలబడ్డ ఆషర్‌కు ఆ మాటలో రెండు నచ్చలేదు. ఒకటి బంగారం. రెండోది 'అన్నా'.

ఆ అమ్మాయి పేరు దేవకృప. అల్వాల్‌లో ఉంటుంది. ఫిజియోథెరపిస్టు. మోకాళ్లూ నడుములూ పట్టేసిన పెద్దవాళ్ల ఇళ్లకు పాత ఎర్ర కారులో తిరుగుతూ ఎక్సర్‌సైజులు చేయిస్తుంటుంది. కోపంగా మాట్లాడేటప్పుడు కూడా ఆమె కళ్లలో ఎక్కడో ఒక మూల నవ్వు దాక్కుని ఉంటుందని ఆషర్ కనిపెట్టేశాడు. కనిపెట్టి, వెంటనే చూపు బిల్లు పుస్తకం మీదికి దించేశాడు.

"వైపర్లు చవకవి కొనుండ్రి మేడమ్, నేనే ఇస్తా. ఫ్లోర్ మ్యాట్లు సుత కొనుండ్రి. బ్రేకుల కాడ మాత్రం వద్దు."

"ఏం? చవకవైతే పడవా?"

"పడొచ్చు, పడకపోవచ్చు. వైపర్ పనిచెయ్యకుంటే కారు ఆపుకుంటరు. బ్రేక్ పనిచెయ్యకుంటే ఏం జేస్తరు?"

"ఖరీదైంది అమ్ముకోవడానికి భయపెడుతున్నారు కదూ?"

"లేదు మేడమ్. నేను పుట్టుకతోనే భయస్తుణ్ణి."

అది అబద్ధం కాదు. మారేడ్‌పల్లిలోని ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వచ్చాక, మళ్లీ వెనక్కెళ్లి తాళం లాగి చూసుకునే మనిషి అతను. ఆ ముఖం చూసి కృప ఫక్కున నవ్వేసింది.

"సరే, ఇవ్వండి. వచ్చే శనివారం అమ్మని మెదక్ చర్చికి తీసుకెళ్లాలి. హైవే మీద డ్రైవింగ్ నాకిదే ఫస్ట్ టైమ్."

ఆషర్ కంపెనీ డబ్బా తీసి సీలు చూపించాడు. "ఒరిజినల్ మాల్. గ్యారంటీ నాది."

పక్క షెడ్డు మెకానిక్ తిరుమల్ వాటిని బిగించాడు. వెళ్తూ వెళ్తూ కృప, "థాంక్స్ అన్నా" అంది.

"ఆషర్ అంటే చాలు," అన్నాడు అతను, ఎక్కడలేని ధైర్యం తెచ్చుకుని.

ఆ తర్వాత వైపర్లు కావాలని ఒకసారి, హారన్ గొంతు మారిందని ఇంకోసారి, ఏ పనీ లేకుండానే ఒకసారి మెసేజ్‌లు నడిచాయి. 'అన్నా' పోయి 'ఆషర్ గారూ' వచ్చింది. 'గారు' కూడా ఎప్పుడు జారిపోయిందో ఇద్దరూ గమనించలేదు.

శుక్రవారం సాయంత్రం ఆషర్ ఒక మెసేజ్ రాసి, చెరిపి, మళ్లీ రాసి పంపాడు. 'నీతో ఒక మాట చెప్పాలి. ఫోన్‌లో కాదు.'

జవాబు వెంటనే వచ్చింది. 'రేపు మెదక్ కదా. వచ్చాక మాట్లాడదాం.'

వచ్చాక అంటే సరేననా, తప్పించుకోవడమా? తెల్లారి దుకాణం షట్టర్ ఎత్తేటప్పుడు కూడా అతని బుర్ర నిండా అదే తిరుగుతోంది. బయట ముసురు పట్టింది.

అప్పుడే తిరుమల్ తడిసిన చొక్కాతో వచ్చి, చేతిలో ఉన్నది కౌంటర్ మీద పెట్టాడు.

"ఆషరూ, జెర ఇది చూడు."

అది బ్రేక్ ప్యాడ్. ఇనప రేకు ఒకవైపు, దాన్ని పట్టుకుని ఉండాల్సిన నల్లటి లైనింగ్ ఇంకోవైపు. బిస్కెట్‌లా విరిగి వచ్చేసింది.

"పొద్దుగాల ఒక ట్యాక్సీకెల్లి తీసిన. కార్ఖానా చౌరస్తా కాడ పోయి ఆటోకు గుద్దిండు. మందికేం కాలే, దేవుని దయ. ఇది మీ కాడ కొన్నదే. డబ్బా ఒరిజినల్ లెక్కనే ఉంది, లోపల మాల్ నకిలీ."

ఆషర్ గబగబా బిల్లు పుస్తకం తిరగేశాడు. ఆ ట్యాక్సీకీ కృప కారుకూ ప్యాడ్లు ఇచ్చింది ఒకే లాట్‌లోంచి.

దుకాణం యజమాని భానుప్రకాశ్ గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి వచ్చాడు. ప్యాడ్‌ను అటూ ఇటూ తిప్పి చూసి గొంతు తగ్గించాడు.

"డీలర్ మనల్ని ముంచిండు. ఉన్న మాలంతా లోపల పెట్టు. సోమవారం వాపస్ పంపుదాం."

"అమ్మినవాటి సంగతేంది సార్?"

"మనమే ఫోన్ చేసి మేము నకిలీ అమ్మినమని చెప్పాల్నా? రేపు మన మెట్లెవరు ఎక్కుతరు? ముప్పయ్యేండ్ల పేరు, ఆషర్."

"గ్యారంటీ నాదని చెప్పింది నేను సార్."

ఆ పుస్తకం పట్టుకుని ఆషర్ బయటికొచ్చి, వసారాలో నిలబడి ఫోన్లు మొదలుపెట్టాడు. ఆ లాట్‌లో కొన్నవాళ్లు కొద్దిమందే. ఒకాయన తిట్టాడు, ఒకాయన పరేషాన్ అయ్యాడు. అందరూ ఫోన్ ఎత్తారు, కారు బయటికి తియ్యబోమన్నారు.

కృప మాత్రం కట్ చేసింది. మళ్లీ చేస్తే మళ్లీ కట్ చేసింది. 'బ్రేకులు మంచియి కావు, కారు ఆపు' అని మెసేజ్ పెట్టాడు. అది చదివిన గుర్తు రాలేదు. అంటే బయల్దేరిపోయింది. నడుపుతోంది.

తిరుమల్ అతని చేతిలో ఒక అట్టపెట్టె పెట్టాడు. "నా దగ్గరి సెట్టు. పట్కపో."

స్కూటర్ ప్యారడైజ్ దాటింది. వాన ముఖానికి సూదుల్లా గుచ్చుతోంది. అల్వాల్ నుంచి బొల్లారం, అక్కణ్నుంచి మేడ్చల్ హైవే. హైవే ఎక్కకముందే అందుకోవాలి. ఎక్కితే లారీలు, తడి రోడ్డు, ముందు సడెన్‌గా ఎవడో ఆపితే... అంతకుమించి ఆలోచించకూడదనుకున్నాడు. అదే ఆలోచించాడు. 'ప్రభువా, బ్రేక్ పడితే చాలు. నన్ను తిట్టనీ, జన్మలో నాతో మాట్లాడొద్దననీ. బ్రేక్ పడితే చాలు.'

లోతుకుంట దగ్గర ఎర్ర కారు కనిపించింది. పక్కకు పోనిచ్చి అద్దం మీద దబదబా కొట్టాడు. అద్దం దిగింది. లోపల పెద్ద పెద్ద మీసాలాయన.

"క్యా హై?" అన్నాడాయన ఉరుముతూ.

"సారీ సార్. మీరు గాదు," అని ఆషర్ స్కూటర్ ఉరికించాడు.

బొల్లారంలో రైల్వే గేటు పడి ఉంది. ఆగిన బళ్ల వరసలో, పాల వ్యాను వెనక కృప ఎర్ర కారు. ఆషర్ సందుల్లోంచి దూరి, స్కూటర్‌ను సరిగ్గా ఆ కారు ముందు అడ్డంగా నిలబెట్టాడు.

కృప అద్దం దించింది. ఆమె చెంపలు కందిపోయి ఉన్నాయి.

"పిచ్చా నీకు? వచ్చాక మాట్లాడదాం అన్నాగా! అమ్మ పక్కన ఉందనే కదా ఫోన్ కట్ చేశాను!"

పక్క సీట్లోంచి ఆమె తల్లి బ్యూలా కళ్లజోడు సర్దుకుంటూ ముందుకు వంగింది. గుంటూరు నుంచి వచ్చి పాతికేళ్లు ఇక్కడి బడిలో లెక్కలు చెప్పినా, ఆమె మాట మాత్రం ఇంకా గుంటూరు దాటలేదు.

"ఎవరే ఈ అబ్బాయి? ఏంటంట మాట్లాడేది?"

"బ్రేకులు!" అన్నాడు ఆషర్ రొప్పుతూ.

"ఆఁ?"

"మీ కారు బ్రేకులు ఆంటీ. ప్యాడ్లు నకిలీవి. నేనే అమ్మిన."

కృప అనుకున్న మాట వేరు, వచ్చిన మాట వేరు. రైలు దడదడా వెళ్లిపోయింది. గేటు లేచింది. వెనక హారన్లు మొదలయ్యాయి.

"ఫస్ట్ గేర్‌ల మెల్లగ రా. గేటు దాటంగనే మెకానిక్ షెడ్డుంది. నేను ముందు పోతా."

"ముందెందుకయ్యా!" బ్యూలా కేకేసింది. "బ్రేక్ పడదంటివి, ముందు నువ్వుంటే ఎట్టా? పక్కన పో!"

షెడ్డులో జాకీ ఎక్కించి చక్రం ఊడదీశారు. మెకానిక్ ప్యాడ్‌ను గుడ్డతో తుడిచి వెలుతురుకు పట్టాడు. లైనింగ్ అంచున వెంట్రుకంత బీట.

"ఇది ఇయ్యాల ఊడొచ్చు, ఆరు నెలలకు ఊడొచ్చు. ఎవలు చెప్తరు?" అన్నాడతను.

కృప ఆ బీటనే చూస్తూ ఉండిపోయింది.

"సీలు చూపించావు. గ్యారంటీ నాదన్నావు."

"అన్న."

"చవకవి వద్దని క్లాసు పీకావు. నేను బయట కొనుక్కునుంటే?"

"మంచిగుండేదేమో. తెల్వదు. నేను డబ్బాను నమ్మిన కృపా. లోపలున్నదాన్ని చూడలే."

సంజాయిషీ ఇస్తాడనుకుంది. అతను తల దించుకుని అట్టపెట్టె విప్పి కొత్త సెట్టు బయటికి తీశాడు.

"ఇవి కంపెనీవేనా?"

"కాదు. చవకవే." ఆ మాట చెప్పడానికి అతనికి కష్టమైంది. "వేరే వాళ్లు చేసేటియి. తిరుమలన్న ఏడాది సంది ట్యాక్సీలకు వేస్తుండు. ఒక్కటి సుత వాపస్ రాలేదంట. కానీ ఈసారి నా మాట మీద వద్దు. మెకానిక్ చూసి సరే అంటేనే వేపియ్యి."

మెకానిక్ గోటితో గీకి, రెండు ప్యాడ్లనూ ఒకదానితో ఒకటి కొట్టి చూశాడు. "మంచి మాలే. నేను సుత వాడుత."

"అంటే మొదటి రోజు నేనన్నదే కరెక్టన్నమాట," అంది కృప. గొంతు ఇంకా కోపంగానే ఉంది. కళ్ల మూల మాత్రం కాదు.

రేకు కింద స్టూలు మీద కూర్చున్న బ్యూలా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"కొన్నవాళ్లందరి వెనకా ఇట్టాగే వానలో పరిగెత్తావా బాబూ?"

"లేదండి. వాళ్లకు ఫోన్ చేసిన. ఎత్తిండ్రు."

"మా పిల్ల కూడా ఎత్తి ఉంటే వచ్చేవాడివి కాదన్నమాట."

ఆషర్ చేతిలోని అట్టపెట్టెను నలిపాడు. భయస్తుడికి కూడా ఒక్కోసారి భయపడే ఓపిక అయిపోతుంది.

"ఎత్తినా వచ్చేటోణ్ణే ఆంటీ."

కృప గబుక్కున వెనక్కి తిరిగి, ఎవరూ చూడమనకపోయినా స్టెపినీ టైరును పరీక్షగా చూడసాగింది.

అప్పుడే ఆషర్ ఫోన్ మోగింది. భానుప్రకాశ్. ఉద్యోగం పోయిందనే అనుకుంటూ ఎత్తాడు.

"ఏడున్నవ్ ఆషర్? నువ్వు ఫోన్ చేసినోళ్లు వచ్చిండ్రు. ఒకాయన మా వాళ్లందరికీ చెప్తా అంటుండు, తిట్టడానికో మెచ్చుకోడానికో నాకు సమజైతలేదు. నువ్వు షురూ చేసినవ్, నువ్వే వచ్చి మాట్లాడు. జల్దీ రా." తర్వాత నెమ్మదిగా అడిగాడు. "తిరుమల్ చెప్పిండు. ఆ పిల్ల దొరికిందా?"

"దొరికింది సార్."

"దేవుడున్నడు. రా."

చక్రం బిగించారు. షెడ్డు ముందు కృప కారును ముందుకూ వెనక్కూ నడిపి చూసుకుంది. బ్యూలా సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటూ ఆషర్‌ను దగ్గరికి పిలిచింది.

"సాయంత్రం మేం తిరిగొచ్చాక ఇంటికి రా నాయనా. భోజనం చేద్దువుగాని. మీ అమ్మగారిని కూడా తీసుకురా. నేనూ ఆమెతో ఓ మాట మాట్లాడాలిలే."

"అమ్మా!" అంది కృప.

"బ్రేకుల గురించేనే తల్లీ," అంది బ్యూలా కిటికీ వైపు తిరుగుతూ.

కృప అద్దం దించి తల బయటికి పెట్టింది. "నువ్వు చెప్పాలన్న మాట..."

"ఇంకా చెప్పనే లేదు కదా."

"సాయంత్రం చెప్పు. కానీ నా జవాబు సరే అనే. చెప్పేటప్పుడు పరేషాన్ అవుతావని ముందే చెబుతున్నా."

కారు కదిలింది. ఆషర్ రోడ్డు మీదే నిలబడ్డాడు. ఇంత జరిగినా అతని భయం తీరలేదు. రోడ్డు తడిగా ఉంది, ఆ ప్యాడ్లు కొత్తవి, ముందు మలుపుంది.

మలుపు దగ్గర, ముందు ఏ బండీ లేకపోయినా, కారు వెనక ఎర్ర దీపాలు వెలిగాయి. కారు ఆగింది. కదిలి, రెండు గజాలు పోయి, మళ్లీ వెలిగాయి. మళ్లీ ఆగింది. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, చూశావా అన్నట్టు ఊగింది.

అప్పుడు ఆషర్ స్కూటర్ స్టార్ట్ చేశాడు.