మరిదిగారూ, మళ్లీ అడుగుతోంది!

లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. లోపల ముసలి పియానో టీచరు వెల్లకిలా పడి ఉన్నాడు. గుండెలో ఒకే ఒక్క బుల్లెట్. అతికించిన తెల్లగడ్డం సగం ఊడి వేలాడుతోంది. దాని కింద నిండా ముప్పయ్యేళ్లు లేని ముఖం.

"మన మనిషే," చీఫ్ ఆ శవం ఫోటోను బల్లమీద ముందుకు తోశాడు. "కన్నతల్లి కూడా పోల్చలేని వేషం. 'బ్లాక్ లెన్స్' ముఠా పోల్చింది. ఎలా?"

ఏజెంట్ నీడ ఫోటోను దగ్గరికి లాక్కున్నాడు. ఏజెంట్ల వేషాలన్నీ ముందు సంస్థ ల్యాబ్‌లో ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో గీస్తారు. ఆ ఫోటోలు తాళం వేసిన ఫోల్డర్‌లో తప్ప ఇంకెక్కడా ఉండవు.

"ఇవాళ మూడింటికి మన ఏజెంట్ కోయిల సరిహద్దు దాటాలి. ఆవిడ కొత్త ముఖం బయటికి పొక్కిందో, ఆవిణ్ణీ ఇలాగే మోసుకొస్తాం. ఆ ల్యాబ్ కంప్యూటర్లకి పర్మిషన్లు పెట్టేది నువ్వే కదా. దొంగెవరో తేల్చు."

"ఎవరికీ చెప్పకండి సార్."

"నీకు చెప్పడమే ఎక్కువయ్యా!"

ల్యాబ్‌లో వేషాలు గీసేది అతని వదిన. ఇదే ఉద్యోగంలో అన్నయ్య ప్రాణం పోయాక, చీఫ్ కాళ్లావేళ్లా పడి ఆమెకు ఆ పని ఇప్పించాడు నీడ. ఆమె నడిచి వెళ్తే వరండాలో సెంటువాసన చాలాసేపు నిలిచేది. చేతిపని అంతకన్నా నాజూకు.

ఆ ఫోల్డర్ తెరవాలంటే ప్రతిసారీ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కావాలి. అది నీడకొక్కడికే తెలుసు. పక్కగదిలోంచి కేక వినిపించేది:

"మరిదిగారూ, మళ్లీ అడుగుతోంది! మీ సాఫ్ట్‌వేర్‌కి అన్నీ అత్తగారి బుద్ధులే. ఒక్కసారి ఫుల్ కంట్రోల్ ఇచ్చేస్తే మీకు ఈ కాళ్లనొప్పులు తప్పుతాయి కదా!"

అతను నవ్వి, ఇవ్వకుండా, వచ్చి కూర్చుని పాస్‌వర్డ్ కొట్టేవాడు. ఆమె పక్కన కాఫీ కప్పు పెట్టి, కుర్చీ వెనక నిలబడేది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు వెనక ఎవరూ ఉండకూడదని కొత్తవాళ్లకు పాఠం చెప్పేది అతనే. ఆ 'ఎవరూ'లోకి వదిన కూడా వస్తుందని అతనికి ఎన్నడూ తోచలేదు.

కోయిల ఫోటో నిన్ననే ఖాయమైంది. ఇవాళ దాన్ని ముట్టుకోవలసిన పని ఎవరికీ లేదు. నీడ తన గదిలో కూర్చుని చేతిగడియారం మీట నొక్కాడు. అద్దం మీద ల్యాబ్ స్క్రీన్ ప్రత్యక్షమైంది.

రెండున్నర దాటింది. స్క్రీన్ మీద బాణం మెల్లగా ఫోల్డర్ వైపు జరిగింది. పాస్‌వర్డ్ అడిగే పెట్టె లేచింది.

'పిలువు వదినా,' అనుకున్నాడు. 'ఒక్కసారి పిలువు.'

కేక రాలేదు. పెట్టెలో చుక్కలు ఒక్కొక్కటే, తడబాటు లేకుండా పడ్డాయి. కోయిల ముఖం తెరుచుకుంది. ఫోటో బయటికి పంపే పచ్చగీత సాగడం మొదలైంది. సగం. ముప్పాతిక. నీడ వేలు మీట మీదే ఉంది, కదలనని మొరాయిస్తోంది. చివరి వెంట్రుకవాసిలో నొక్కాడు.

'డినై.' ఆ ఒక్క నిరాకరణ పెడితే, అంతకుముందు అనుమతిస్తూ ఇచ్చిన 'అలో'లన్నీ చెల్లవు. గీత ఆగిపోయింది.

అతను ల్యాబ్‌లోకి వచ్చేసరికి ఆమె లిప్‌స్టిక్ మూత తీసి అతని వైపు గురిపెట్టింది. టిక్కుమంది. అంతే.

"పొద్దున్నే అందరి విషపు సూదులూ తీసేశాను వదినా. నీది తీయబుద్ధి కాలేదు. అయినా తీశాను."

"బాగా ఎదిగారు మరిదిగారూ."

"అన్నయ్యని పట్టిచ్చింది కూడా నువ్వేనా?"

ఆమె లిప్‌స్టిక్ మూత పెట్టి, తీరిగ్గా బ్యాగులో వేసుకుంది.

"మీ అన్నయ్య ఇన్ని ప్రశ్నలు వేసేవారు కాదు."

గార్డులు ఆమెను తీసుకువెళ్లారు. మూడు దాటాక చెవిలోని ఇయర్‌ఫోన్‌లో చీఫ్ గొంతు పలికింది: "కోయిల గూటికి చేరింది."

నీడ ఆమె కుర్చీలో కూలబడ్డాడు. కాఫీ చల్లారిపోయింది. ఎప్పటి అలవాటుకొద్దీ సాఫ్ట్‌వేర్ తెరిచాడు. పాస్‌వర్డ్ పెట్టె మళ్లీ లేచింది, పైన ఎప్పుడూ ఉండే ప్రశ్నతో: 'దీన్ని మీరు నమ్ముతున్నారా?'

ఇన్నేళ్లలో ఆ ప్రశ్నను అతను చివరిదాకా చదవడం అదే మొదటిసారి. ముందు వెనక్కి తిరిగి చూసుకున్నాడు. తర్వాత 'నో' నొక్కాడు.