వేలు గుర్తుపట్టని కంప్యూటర్

“చేతులు కడుక్కోండి.”

“కంప్యూటర్ చూడను వచ్చినానండీ. భోజనానికి కాదు.”

“ఎవురైనా సరే. బ్లీచింగ్ నీళ్లలో కడుక్కున్నాకే లోపలికి. పురుగులకు రోగం తగులుతుంది.”

దేవేంద్ర వాకిట్లోని తొట్టిలో చేతులు ముంచాడు. తనకు జలుబు కూడా లేదని చెబుదామనుకున్నాడు. ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

అది 2006. హోసూరు దగ్గరి కెలమంగలంలో లక్ష్మణప్ప ఇల్లు. ఆయన పట్టుపురుగుల గుడ్లు పొదిగించి, పిల్ల పురుగులను కొన్నాళ్లు పెంచి రైతులకు ఇస్తాడు. వాకిట్లో ఆపింది ఆయన కూతురు ప్రతిభ. ఏ రైతుకు ఏ పురుగుల తట్టలు ఇవ్వాలో కంప్యూటర్‌లో ఎక్కించేది ఆమే. కృష్ణగిరిలో బి.కామ్ చదివి వచ్చింది. దేవేంద్రది అంచెట్టి దగ్గరి పల్లె. హోసూరులో ద్వారకనాథ్ కంప్యూటర్ అంగడిలో పని.

లక్ష్మణప్పకు పాస్‌వర్డ్ మీద నమ్మకం లేదు. “మాటను ఎవుడైనా వింటాడు. వేలు యాడికి పోతుందప్పా?” అని వేలిముద్ర చూసే చిన్న పెట్టె తెప్పించాడు.

దేవేంద్ర దాన్ని తగిలించాడు. ముందు ఒక పాస్‌వర్డ్ పెట్టక తప్పదన్నాడు. ప్రతిభ కొడుతుంటే మర్యాదగా గోడవైపు తిరిగాడు. గోడమీద ఒక బల్లి ఉంది.

తర్వాత ఆమె వేలు పెట్టింది. పెట్టె పట్టించుకోలేదు. ఇంకో వేలు పెట్టింది. దాన్నీ కాదంది.

“పెట్టె చెడిపోయిందా?”

అతను తన కుడిచేతి వేళ్లన్నీ ఎక్కించి చూశాడు. వెంటనే పట్టుకుంది. అప్పుడు ఆమె చేతిని కిటికీ వెలుగులో చూశాడు. రోజూ బ్లీచింగ్ నీళ్లు, తట్టలమీద చల్లే సున్నం పొడి. వేళ్ల కొసలు అరిగి నున్నగా ఉన్నాయి. అవసరమైనదానికంటే కొంచెం ఎక్కువసేపు చూశాడు.

“మా నాయన వేలు?”

“అది ఇంకా నున్నగా ఉండాది.”

“మరి కంప్యూటర్ తెరవాలంటే?”

“నేను రావాల.”

“ప్రతిసారీనా?”

“ప్రతిసారీ.”

తెరమీద వేలు పెట్టమనే మాట కింద పాస్‌వర్డ్ కొట్టే గడి కూడా ఉంది. దాని గురించి అతనేమీ చెప్పలేదు. ఆమె ఏమీ అడగలేదు. ఇంగ్లీషు చదవలేని లక్ష్మణప్ప, యంత్రం గట్టిదని మెచ్చుకున్నాడు.

ఒకసారి తెరిస్తే కరెంటు పోయేవరకూ నడిచేది. ఆ రోజుల్లో కరెంటు బాగానే పోయేది. పోయినప్పుడల్లా దేవేంద్రకు ఫోన్ వెళ్లేది. ఊరంతా ఉన్నప్పుడు కూడా ఆ ఇంట్లో ఒక్కోసారి పోయేది.

“దారిలో అంగళ్లలో లైట్లు వెలుగుతుండాయే?” అన్నాడు దేవేంద్ర ఒక మధ్యాహ్నం.

“మా వైరు పాతది,” అంది ప్రతిభ.

వచ్చినవాణ్ణి ఊరకే కూర్చోనివ్వడం లక్ష్మణప్పకు చేతకాదు. పురుగులకు మల్బరీ ఆకు తరగమన్నాడు. సున్నం చల్లమన్నాడు.

“పిల్ల పురుగులకు సన్నగా తరగాల. ఇది కంబళి మాదిరి ఉండాది,” అంది ప్రతిభ.

“కప్పుకోమనండి.”

ఆమె నవ్వు ఆపుకోవడానికి తట్టలోకి వంగింది. పురుగులు ఏమీ అనలేదు.

వానలు వచ్చాయి. ఒకరోజు బస్సు దిగి తడిసి ముద్దై వచ్చాడు. ఆమె తువ్వాలు తెచ్చి, ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుంది.

“ముందు కడుక్కో.”

ఆ మాటలో ‘అండీ’ లేదు. అది యాడ పోయిందని అతను అడగలేదు. కడుక్కున్నాడు.

కార్తీకంలో ఒక ఉదయం వచ్చి ఆకు తరుగుతూ చెప్పాడు. “కృష్ణగిరిలో కొత్త అంగడి పెడుతుండారు. సోమవారం నుంచి నన్ను ఆడికి పొమ్మన్నారు.”

ప్రతిభ కత్తి ఆగలేదు. “అట్లనా.”

“ఫోన్ చేసినా రాలేను.”

“వైరు మార్పిస్తాములే.”

అతను ఇంకో మాట అనుకుని వచ్చాడు. బస్సులో అది బాగానే ఉండింది. ఇక్కడ దానికి బదులు ఇంకో గుప్పెడు ఆకు తరిగాడు.

అంతలో లక్ష్మణప్ప వచ్చాడు. “రైతు కాచుకోనుండాడు. తెరువప్పా.”

దేవేంద్ర వేలు పెట్టాడు. పెట్టె పట్టించుకోలేదు. తుడుచుకుని మళ్లీ పెట్టాడు. ఆ చేతి వేళ్లన్నీ అయ్యాయి.

“ఏమప్పా?”

“నన్నూ మరిచిపోయింది సార్.”

“ఇంకో దారి లేదా?”

వాకిట్లో రైతు దగ్గాడు.

ప్రతిభ చెయ్యి తుడుచుకుని వచ్చి టకటకా ఏదో కొట్టింది. కంప్యూటర్ తెరుచుకుంది.

“అదేమి?” అన్నాడు లక్ష్మణప్ప.

“పాస్‌వర్డ్, నాయనా.”

“ఎప్పుడు పెట్టినావు?”

“మొదటి రోజే.”

“ఈ అబ్బికి తెలుసా?”

“పెట్టమనిందే ఆయన.”

లక్ష్మణప్ప రైతుకు తట్టలు ఇచ్చి పంపించాడు. తిరిగి వచ్చి దేవేంద్ర చేతిని కిటికీ వెలుగుకు తిప్పాడు. అరిగి నున్నబడ్డ ఆ వేళ్ల కొసలు చూశాడు. తన వేళ్లు చూసుకున్నాడు.

“ఇది మా ఇంటి చెయ్యి అయిపోయిందే.”

“అవును సార్.”

“కృష్ణగిరిలో యాడ ఉంటావు?”

“ఒక రూమ్ మాట్లాడినాను.”

“రూమ్ వద్దు. ఇల్లు చూడు. మీ నాయనను ఒకసారి రమ్మను. చేతులు కడుక్కోవాలని ముందే చెప్పు.”

ఆయన బయటికి వెళ్లాడు. దేవేంద్ర మళ్లీ ఆకు తరగడానికి కూర్చున్నాడు.

“నీకు సమ్మతమేనా?”

ప్రతిభ ఒక గుప్పెడు ఆకు తన ముందుకు లాక్కుంది.

“వైరు పీకి పీకి నాకు చాలయింది. కరెంటు బాగుండే చోట చూడు.”